అరవై వాగ్దానాలు

అక్టోబరు 14

ఇది 2024 డైరీ. ఎరువుల కొట్టు వాళ్ళకని నమూనాగా ఒకటి బైండు చేస్తే అట్ట వంకరగా అతుక్కుంది, వాళ్ళు వద్దన్నారు. అప్పట్నుంచీ అటక మీద పడుంది. ఈవేళ దుమ్ము దులిపాను. నా ప్రింటింగ్ షాపులోనే ఉంచుతాను, కటింగ్ మిషన్ కింద సొరుగులో. మా ఆవిడ శాలోమికి సిరా వాసన పడదు, గుమ్మం దాటి లోపలికి రాదు.

విశాఖ నుంచి రిపోర్టు తెచ్చుకున్నాం. మేం భయపడిందే. శాలోమి కుడి రొమ్ములో గడ్డ మంచిది కాదు. "నెల లోపు ఆపరేషన్ చేయించెయ్యండి. ఇప్పుడైతే బాగానే బయటపడతారు" అన్నారు డాక్టరుగారు. ఆయన అంత మామూలుగా చెప్పేసరికి నేనూ మామూలుగానే తలూపాను.

 బస్సు అనకాపల్లి దాటాక శాలోమి కిటికీలోంచి చూస్తూ అంది: "జనవరి దాకా ఉందారండి. వాగ్దానం వస్తాది కదా. ఎల్లమని దేవుడు సెప్తే ఎల్తాను."

మా సంఘంలో ప్రతి జనవరి ఒకటో తారీకున ఆరాధనయ్యాక తలా ఒక కార్డు తీస్తారు. ఒకవైపు పువ్వు, రెండోవైపు వాక్యం. చూడకుండా తియ్యాలి. ఏ వాక్యం వస్తే ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చిన మాట అది. ఆ కార్డులు డిజైను చేసేదీ, కొట్టేదీ, కోసేదీ నేనే. చోడవరానికే కాదు, రావికమతం, కె.కోటపాడు చర్చిలకి కూడా. పద్దెనిమిదేళ్ళుగా నేను కోస్తున్న అట్టముక్క నా పెళ్ళాం ప్రాణం మీద తీర్పు చెబుతుందట! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ మింగి బస్సు టిక్కెట్టు నలుపుతూ కూర్చున్నాను.

వాళ్ళమ్మ తన కాళ్ళతో నడిచి ఆపరేషన్ గదిలోకి వెళ్ళింది, దుప్పటి కప్పి బయటికి తెచ్చారు. శాలోమికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ భయాన్ని ఏం చెప్పి పోగొట్టను? మాకు పిల్లలు లేరు. ఉన్నది ఇద్దరమే. ఈ మనిషి పోతే నేను ఇంటికెళ్ళి ఎవరితో పోట్లాడాలి?

అక్టోబరు 17

అరిచాను. కంచం తోసేశాను. తర్వాత నేల మీద మెతుకులు నేనే ఏరాను. ఆమెది అదే మాట. జనవరి.

అక్టోబరు 20

పాస్టరుగారు ఇంటికొచ్చి నచ్చజెప్పారు. "డాక్టర్ని కూడా దేవుడే పెట్టేడమ్మా, ఎల్లండి" అన్నారు పాపం. శాలోమి టీ ఇచ్చి ఎంతో మర్యాదగా అంది: "మీరు సెప్తన్నారు అయ్యగారూ. ఆయన సెప్పాలి కదా." ఆయన టీ తాగి, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

అక్టోబరు 23

ఆయన చెప్పాలి. సరే. చెప్పిస్తాను.

మొదట మా సంఘానికి కొట్టే అరవై కార్డులూ ఒకే వాక్యంతో కొట్టేద్దామనుకున్నాను. కానీ తీసుకున్నాక ఒక్కొక్కరూ లేచి గట్టిగా చదువుతారు. రెండో మనిషి లేచేసరికి నా బండారం బయటపడుతుంది. అరవై రకాలూ ఉండాలి, అందులో నేననుకున్నదే ఆమె తియ్యాలి.

ఫోన్లో వెతికితే దానికి ఒక విద్యే ఉంది. ఫోర్స్ అంటారట. పేకముక్కలు విప్పి చూపిస్తాడు, ఎదుటివాడు నచ్చింది తీసుకుంటాడు, తీసుకున్నది మాత్రం మేజిక్ చేసేవాడు ముందే అనుకున్న ముక్క. ఎవరో కుర్రాడు ఇంగ్లీషులో చెబుతున్న ఆ వీడియో పొద్దున్నించీ ముప్ఫైసార్లు చూశాను. ఒక్కసారీ ఎక్కడ చేశాడో పట్టుకోలేకపోయాను. మధ్యలో ఒక ఫ్లెక్సు తలకిందులుగా ప్రింటయిపోయింది.

అక్టోబరు 27

వడ్డాది వెళ్ళాను. పరదేశి గారు సంత వెనక సందులో ఉంటున్నారు. పూర్వం స్కూళ్ళలో, తీర్థాల్లో మేజిక్ చేసేవారు. పదిహేనేళ్ళ కిందట ఆయన వాల్‌పోస్టర్లు నేనే కొట్టాను. ఇప్పుడు డెబ్భై దాటాయి, కాళ్ళు వాచి ఉన్నాయి, చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. సండే స్కూలు పిల్లల కోసం నేర్చుకుంటానని అబద్ధం చెప్పాను.

ఆయన పాత పేక తీసి నా ముందు విప్పారు. ఒకటి తీశాను. కళావరు ఏడు. మళ్ళీ కలిపారు, మళ్ళీ తీశాను. కళావరు ఏడు. మూడోసారి కావాలని చివరి ముక్క దగ్గరికి చెయ్యి పెట్టబోయి, ఎందుకో ఆగి, మధ్యలోది తీశాను. కళావరు ఏడు.

"ఏటి బాబూ, నాను ఇచ్చేనా, నువ్వు తీసేవా?" అన్నారు.

"నేనే తీసేను మాస్టారూ!"

"అదే మేజిక్కు. ముక్క ఎప్పుడూ ఇవ్వకూడదు. ఆళ్ళ సెయ్యి వచ్చే వేళకి ముక్క అక్కడుండాల, అంతే. ముందు సెయ్యి వస్తాది, ఎనకాల మనసొస్తాది. తీసేక ఎవుడైనా ఒకటే మాట అంటాడు, నాకు ఇదే తియ్యాలనిపించింది అని."

అనుకున్న ముక్క మీద ఎడమచేతి చిటికెన వేలితో గోరంత సందు పెట్టుకోవాలి. ముక్కల్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి జారుస్తూ పోవాలి. ఎదుటివాడి వేళ్ళు దిగుతున్నప్పుడు ఆ సందు దగ్గరికి చేరుకోవాలి. తొందరపడితే పట్టేస్తాడు, ఆలస్యమైతే పక్కది తీసేస్తాడు.

"తప్పితే ఏటి సెయ్యాలి?"

"తప్పితే నవ్వేసి ఇంకో మేజిక్కు సెయ్యాల. ఒక్క మేజిక్కే వచ్చినోడు దీని జోలికి రాకూడదు బాబూ."

నాకు ఒక్కటి వస్తే చాలు. ఆయనకి ఆ మాట చెప్పలేదు.

నవంబరు 3

వందసార్లు జారిస్తే సందు నిలిచింది ముప్ఫై ఒక్కసార్లు.

నవంబరు 11

పేకతో బాగానే వస్తోంది కానీ, మనుషులు కావాలి. గోడ ముందు కూర్చుని ఎంతసేపు?

ఈవేళ రావికమతం నుంచి పెళ్ళి వాళ్ళొచ్చారు. శుభలేఖల నమూనాలు ఆల్బంలో చూపించకుండా ఇరవై కార్డులు చేతిలో పట్టుకుని విప్పాను. "మీ చేత్తో ఒకటి తియ్యండి బాబాయ్, శుభం" అన్నాను. నేననుకున్న నెమలి కార్డే తీశాడు పెద్దాయన. 

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎన్ని సూసినా ఇదేనమ్మా, మనసు పట్టేసింది" అని భార్యకి చూపించాడు. ఆయన చూసింది ఆ ఒక్కటే. ఆవిడ కూడా బాగుందంది.

నవంబరు 29

ఈ సీజన్లో చోడవరం చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ ఒకటే నెమలి. పద్నాలుగు ఆర్డర్లలో పదమూడు. అందరికీ నచ్చింది. ఒక్కరూ "ఇంకోటి చూపించు" అనలేదు. మొదట్లో సరదాగా ఉండేది, ఇప్పుడు ఆ నెమలిని చూస్తే ఒళ్ళు జలదరిస్తోంది.

శాలోమి అడిగింది: "రాత్రి మీ సేతులు దుప్పటి మీద ఏదో దువ్వుతన్నాయండి. ఏటైంది?" పని ఎక్కువైందన్నాను. ఆమె నా అరచేతులు రెండూ తీసుకుని కొబ్బరినూనె రాసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

డిసెంబరు 8

ఏ వాక్యం? నెల్లాళ్ళుగా ఇదే ఆలోచన. స్వస్థత గురించినవి పనికిరావు. దేవుడే బాగుచేస్తానన్నాడు, ఇంక ఆసుపత్రెందుకు అంటుంది. ఆ మాత్రం నా భార్య నాకు తెలుసు.

ఈవేళ దొరికింది. భయపడవద్దు, నీ కుడిచెయ్యి నేను పట్టుకుంటాను అనే అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. చెయ్యి పట్టుకోవడమంటే ఎక్కడికో నడిపించడమే కదా. ఆమెకున్నదీ భయమే. ఇంతకంటే సరిగ్గా సరిపోయేది లేదు. ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్నాను.

డిసెంబరు 21

కార్డులు కోశాను. మెరుపు లామినేషన్ వేస్తే ఒకదానికొకటి అంటుకుంటున్నాయి, అందుకని ఈసారి మెరుపు లేనిది వేశాను. పైన కాస్త పౌడరు రాసి తుడిస్తే నూనె రాసినట్టు జారుతున్నాయి. నా కార్డు మిగతావాటి కంటే వెంట్రుకవాసి పొట్టిగా కోశాను, వేలికి తెలుస్తుంది. కంటికి తెలియదు.

ఏటా పళ్ళెంలో పెట్టేవారు. ఫ్యాను గాలికి ఎగిరిపోతున్నాయి, ఈసారి చేత్తో పట్టుకుంటానంటే పాస్టరుగారు సరేనన్నారు. మంచి ఆలోచన అన్నారు కూడా.

డిసెంబరు 27

ఆమె తల ఆరబెట్టుకుంటుంటే చూశాను. గడ్డ పెరిగింది. నేను చూడటం చూసి పమిట సర్దుకుంది. ఇంకా ఐదు రోజులు.

జనవరి 1

డైరీలో తారీకులు అయిపోయాయి. చివర 'గమనికలు' అని కొన్ని తెల్ల కాగితాలున్నాయి, వాటిలో రాస్తున్నాను.

పొద్దున్న ఆరాధన. అందరూ వరసలో వచ్చారు. ఒక్కొక్కరికీ విప్పి పట్టుకున్నాను, వాళ్ళిష్టం వచ్చింది తీసుకున్నారు. చిటికెన వేలు మాత్రం ఆ సందు వదల్లేదు. శాలోమి పసుపు చీర కట్టుకుంది. నా ముందుకొచ్చి నిలబడి కళ్ళు మూసుకుంది.

కళ్ళు మూసుకునే మనిషి గురించి పరదేశి గారు నాకు చెప్పలేదు. ఎప్పుడు చెయ్యి దింపుతుందో ముఖం చూసి పట్టుకోవడానికి లేదు. పెదవులు కదులుతున్నాయి. చెయ్యి లేచింది, గాల్లో ఆగింది. నేను కార్డులు జారుస్తూ, ఆపి, మళ్ళీ వెనక్కి జారుస్తూ నిలబడ్డాను. చివరికి ఆ చెయ్యి దిగింది. రెండు వేళ్ళు సరిగ్గా ఆ కార్డు మీద పడ్డాయి.

అప్పుడు నేను వదల్లేదు. ఎందుకో తెలియదు, గట్టిగా పట్టుకునే ఉన్నాను. ఆమె చిన్నగా లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. అప్పుడు వదిలాను.

ఆమె లేచి చదివింది. గొంతు నేనెప్పుడూ విననంత గట్టిగా వచ్చింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను గెలిచాననుకున్నాను. నిజంగా అనుకున్నాను. నా వంతు కార్డు నేను తీసుకోలేదు.

ఇంటికి నడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో కూడా వీధిలో పట్టుకున్నది లేదు.

"ఇంక ఎల్లక్కర్నేదండి" అంది.

"ఎక్కడికి?"

"విశాకపట్నం. గడ్డ ఏ పక్కుంది? కుడి పక్క. ఆయన పట్టుకుంటానన్నదేటి? కుడి పక్కే. ఇన్ని వాక్యాలుంటే నాకు అదే ఇచ్చేడు సూడండి. ఆయన సెయ్యేసేక మద్దెలో కత్తి ఎందుకండి?"

జనవరి 2

కుడి. అది నాకెందుకు తట్టలేదు? ఏ పక్కో నాకు తెలియదా?

జనవరి 5

ఆదివారం సాక్ష్యం చెప్పింది. భయం పోయిందని, మందులు కూడా అక్కర్లేదని. పాస్టరుగారు నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను, ప్రార్థన చేస్తున్నాననుకుని ఉంటారు.

జనవరి 10

హాయిగా నిద్రపోతోంది. మూడు నెలల తర్వాత ఇప్పుడే ఇలా నిద్రపోవడం. నాకు మాత్రం కునుకు లేదు. కళ్ళు మూస్తే ఆ చిన్న లాగుడు వేళ్ళలో తెలుస్తోంది. టీ గ్లాసు పట్టుకున్నా, బండి క్లచ్చు పట్టుకున్నా, ఎవరో అటువైపు నుంచి చిన్నగా లాగుతున్నట్టే ఉంటోంది.

జనవరి 13

గడ్డ కొంచెం తగ్గినట్టుంది. మనశ్శాంతి ఉంటే తగ్గుతాయట, ఎక్కడో చదివాను. ఇంకో వారం చూద్దాం.

జనవరి 15

తగ్గలేదు.

జనవరి 19

శాలోమి షాపుకి వచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. రవికెలోంచి కార్డు తీసింది. పగలంతా గడ్డ మీద ఆనించి పెట్టుకుంటోందట. చెమటకి తడిసి అంచుల్లో లామినేషన్ లేచిపోయింది.

"ఇది పాడైపోతన్నాదండి. గట్టి ప్లాస్టిక్కేసి ఇవ్వండి."

"కొత్తది కొట్టి ఇస్తాను."

"కొత్తదెందుకు? ఆయన నాకిచ్చింది ఇది కదా."

ఇంకా ఆమె ఒంటి వేడి పోలేదు దానికి. మిషన్‌లో పెట్టి రెండువైపులా దళసరి లామినేషన్ వేశాను. గుచ్చుకోకుండా మూలలు గుండ్రంగా కోశాను. ఇచ్చాను. అప్పుడే చెప్పెయ్యాల్సింది. షాపులో ఎవరూ లేరు. ఆమె సంతోషంగా వెళ్ళిపోయింది, నేను ఆ మిషన్ చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.

ఫిబ్రవరి 4

చెప్పాలి.

ఫిబ్రవరి 16

తల దువ్వుకోవడానికి కుడిచెయ్యి ఎత్తలేకపోయింది. ఎడమచేత్తో దువ్వుకుని, "సలికి పట్టేసినట్టుంది" అంది. చంకలో కూడా గట్టిగా ఉంది.

ఫిబ్రవరి 17

పరదేశి గారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే బుర్ర పగిలిపోయేలా ఉంది. తిడతారనుకున్నాను. ఆయన వాచిన కాళ్ళు రుద్దుకుంటూ మొదలుపెట్టారు.

"మా చిన్నతల్లి తెల్సా నీకు? నా కూతురు. దానికి రెండు సంబంధాలొచ్చేయి. ఒకటి మాడుగుల, ఒకటి కోటపాడు. అది కోటపాడు గుంటడ్ని సేసుకుంటానన్నాది. నాకు మాడుగుల నచ్చింది, బూములున్నాయని. అమ్మోరి కాడ రెండు పేర్లూ రాసి సీట్లేసి పట్టుకున్నాను. తియ్యవే అన్నాను. మాడుగుల తీసింది."

ఎలా తీసిందో నన్ను అడగనివ్వలేదు.

"ఆడు తాగుతాడు. కొడతాడు. పద్నాలుగేళ్ళు. తీసుకొచ్చేస్తానంటే రాదు. అమ్మోరు సూపించిన మొగుడు నాన్నా, ఎలాగొగ్గేస్తాను అంటాది. షోలు ఆరోజే మానేసేను బాబూ. పేక పట్టుకుంటే దాని సెయ్యే అగుపించేది."

"చెప్పలేదా మాస్టారూ?"

"మొదటి ఏడే సెప్పుంటే తిట్టేసి పుట్టింటికి వచ్చేసును. ఇప్పుడేటని సెప్పను? అది పడ్డ దెబ్బలన్నీ నేనేసినయ్యే అని సెప్పనా? సెప్తే బతుకుతాదా?" కళ్ళు తుడుచుకుని కసిరారు: "నీది రెండు నెల్లే కదా. ఇక్కడ కూకున్నావేటి? లెగు. ఎల్లు."

ఫిబ్రవరి 18

చెప్పేశాను.

సాధన కోసం ఇలాగే కోసుకున్న సెట్టు ఒకటి మిగిలి ఉంటే ఇంటికి పట్టుకెళ్ళాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎదురుగా కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాను. వడ్డాది, పేక, నెమలి కార్డు, చిటికెన వేలు. "దేవుడు ఇవ్వలేదు శాలోమీ. నేనిచ్చేను. నువ్వు ఆసుపత్రికి వస్తావని ఇచ్చేను. నన్ను కొట్టు, తిట్టు, రేపు మాత్రం బస్సెక్కు."

కోపమొస్తుందనుకున్నాను. ఆమె ఆలోచించింది.

"మీకు ఈ విద్య రాదు కదా ముందు?"

"రాదు."

"రెండు నెలల్లో ఎలాగొచ్చింది? మీరు సైకిల్ నేర్సుకోడానికే ఏడాది పట్టిందని మీ అమ్మ సెప్పేది. ఆయనే నేర్పించేడండి. మీ సేత ఇప్పించేడు."

"కాదే! నేనే! ఇదిగో చూడు!" కార్డులు కలిపి విప్పాను. "తియ్యి. నీకిష్టమొచ్చింది తియ్యి."

తీసింది. కుడిచెయ్యి. మళ్ళీ కలిపాను. తీసింది. అదే. మూడోసారి ఆమె కావాలని పక్కకి పోయింది, నా చెయ్యి కూడా పోయింది. అదే. జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. నాలుగోసారి కార్డు తిప్పి చూసి, ఒళ్ళో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"అర్థమైందా?" అన్నాను.

"సాలండి. ఆపీండి. నాలాంటి దానికి ఎన్నిసార్లు సెప్తాడండి ఆయన!"

ఆ ముఖంలో అంత సంతోషం. నేను లేచి పెరట్లోకెళ్ళి గోడకి తల ఆనించుకుని నిలబడ్డాను. నేను ఏం చేసినా ఆయనే చేసినట్టు. నా నోటికి, నా చేతికి ఇంక విలువ లేదు.

ఫిబ్రవరి 19

ఏమీ తోచడం లేదు.

ఫిబ్రవరి 22

పొద్దున్న హాల్లో చాప వేసి, వాక్యాలు పైకి కనపడేలా కార్డులు మొత్తం పరిచాను.

"ఇప్పుడు కళ్ళు తెరుసుకుని తీసుకో. నేను ముట్టుకోను. దూరంగా కూకుంటాను. అన్నీ సదివి, నీకు ఏది కావాలో నువ్వే తీసుకో."

ఆమెకి ఇది నచ్చలేదు. మొదటిసారి భయం కనిపించింది ముఖంలో.

"ఇలాగ తీస్తే అది వాగ్దానం ఎలాగవుద్దండి? అది నా ఇష్టం అయిపోద్ది."

"అవును. నీ ఇష్టమే."

"నా ఇష్టం ఎప్పుడెవులడిగేరండి? పెళ్ళికి మా నాన్న అడగనేదు. టైలరింగు మానిపించినప్పుడు మీరు అడగనేదు." కోపంగా అంది. ఆ సంగతి మరిచిపోయిందనుకున్నాను నేను. పదేళ్ళయింది. "ఇప్పుడు సావో బతుకో నన్ను ఏరుకోమంటన్నారా?"

అవునన్నాను. ఆమె రవికెలోంచి తన కార్డు తీసి, చాప మీద దాని జత కార్డు పక్కన పెట్టింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి 23

చాప తియ్యనివ్వడం లేదు. ఇద్దరం గోడ వారగా నడుస్తున్నాం. ఈవేళ చర్చికి కూడా రాలేదు. కళ్ళజోడు పెట్టుకుని చదువుతోంది, ఎక్కడో ఆగుతోంది, మళ్ళీ మొదటికి వస్తోంది.

ఫిబ్రవరి 25

నేను లేచేసరికి స్నానం చేసి, ఎడమచేత్తోనే ముడి వేసుకుని, సంచీ సర్దుకుని కూర్చుంది. కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి బల్ల మీద పెట్టింది.

"అన్నీ సదివేనండి. మూడేసిసార్లు. ఒక్కదాన్లోనూ ఆపరేషన్ మాట నేదు. సేయించుకోమనీ నేదు, వద్దనీ నేదు. ఆయన నాకే ఒగ్గేసేడు." నా వైపు చూడలేదు. "నాకు బతకాలనుందండి. ఆరున్నర బస్సుంది కదా, లెండి."

మార్చి 6

ఈ డైరీ నా సంచీ అడుగున పెట్టి ఆసుపత్రికి తెచ్చుకున్నాను. ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. రొమ్ము పూర్తిగా తీసేశారు, చంకలోవి కూడా. అక్టోబరులో వచ్చుంటే చాలా చిన్నదిగా పోయేదన్నారు డాక్టరుగారు. ఎందుకింత ఆలస్యం చేశారని అడిగారు. ఇంకా ఆరు నెలలు ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆ తర్వాతే ఏదైనా చెప్పగలం అన్నారు. సాయంత్రం కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. బతికే ఉంది.

మార్చి 11

పక్క మంచం మీద అప్పలమ్మ గారని ఒకావిడ చేరింది. కె.కోటపాడు. మాలాగే చర్చి వాళ్ళే, ఆవిడ దిండు కింద ఉన్న వాగ్దానం కార్డు కూడా నా షాపులో కోసిందే. ఆవిడకీ అదే జబ్బు. రేపొద్దున్నే ఇంటికి పోతానంటోంది, ప్రార్థనతోనే తగ్గుతుందట. కొడుకులు చెప్పి చెప్పి ఓడిపోయి వరండాలో కూర్చున్నారు.

శాలోమి కట్టుతోనే లేచి కూర్చుని మొదలుపెట్టింది. ఆమె ఇంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "మా ఆయన ఏదో మేజిక్కు సేసేడు పిన్నీ, అదీ దేవుడేననుకున్నాను. తర్వాత అన్నీ నా ముందు పరిసేసేడు. ఒక్కటీ దాయకుండా! మూడు రోజులు సదివేను. ఎవులూ సెప్పనేదు, నా అంతట నేనే బస్సెక్కేను. పుట్టి బుద్ధెరిగేక నేను తీసుకున్నది ఇదొక్కటే." ఆ మాట అన్నప్పుడు తల ఎత్తి అంది. నా వైపు తిరిగి, "ఏవండీ, సెప్పండి, నేనే కదా?" అంది.

"నువ్వే" అన్నాను.

అప్పలమ్మ గారు ఆ కార్డులు నాకూ పరిస్తారా అని అడిగింది. శాలోమి వెంటనే, "ఇప్పుడే చోడవరం ఎల్లండి, పొద్దున్నకి తెచ్చీండి. మొత్తం తెండి. ఈవిడ కూడా అన్నీ సదివి తనే తేల్చుకోవాలి" అని నన్ను లేపింది.

ఇక్కడ ఒకటి రాయాలి. ఫిబ్రవరి 22న కార్డులు మొత్తం పరిచానని రాశాను. నా డైరీలో నాకే అబద్ధం రాసుకున్నాను. చాప మీద ఉన్నవి నలభై తొమ్మిది. బాగుచేస్తాను, రోగం తీసేస్తాను, ఆయుష్షు ఇస్తాను అనే పదకొండు కార్డులు ఆ మూడు రోజులూ నా చొక్కా జేబులో ఉన్నాయి. అవి ఉండుంటే ఆమె వాటిలో ఒకటి పట్టుకుని ఇంట్లోనే కూర్చునేది. ఆమె లెక్కపెట్టలేదు, నన్ను నమ్మింది. ఆమె ప్రాణం దక్కింది. ఆ తల ఎత్తి చెప్పిన మాట మాత్రం నిజం కాదు. అది నేనామెకి ఎప్పటికీ చెప్పలేను. చెబితే ఆమెదంటూ ఏమీ మిగలదు.

మార్చి 12

షాపు తెరిచి, ఆ పదకొండూ మళ్ళీ కలిపి ఉంచిన సెట్టు తీశాను. అరవై ఉన్నాయి. ఇన్నిసార్లు చేసినవాణ్ణి, ఈ ఒక్కసారి ఉన్నవన్నీ పట్టుకెళ్ళి పరిచేద్దామనుకున్నాను. ఆవిడ ఇంటికి పోతే పోనీ, ఆవిడిష్టం.  వరండాలో కూర్చున్న ఆ కొడుకులు కళ్ళలో మెదిలారు.

పదకొండు ఏరి సొరుగులో పెట్టడానికి నిమిషం కూడా పట్టలేదు. మిగతావాటికి రబ్బరు బ్యాండు వేశాను. బస్సుకి టైమవుతోంది.